చేప, ఆల్చిప్ప, నాచు ఒకే చోట: న్యూ హాంప్‌షైర్ పాఠం మన తీరానికి పనికొస్తుందా?

అమెరికాలో ఉన్న మనలో చాలామందికి గోదావరి, కృష్ణా జిల్లాల్లో రొయ్యల చెరువులున్న బంధువులున్నారు. 2025 ఆగస్టులో అమెరికా భారత సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు, ఒకే పంటను, ఒకే పెద్ద మార్కెట్‌ను నమ్ముకుంటే ఎంత ప్రమాదమో తేలిపోయింది. అందుకే సముద్రంలో పలు జాతులను కలిపి పెంచే పద్ధతి మీద మనవాళ్లు దృష్టి పెట్టాలంటాను. దానికి ఒక నమూనా మనకు దగ్గర్లోనే ఉంది.

న్యూ హాంప్‌షైర్ విశ్వవిద్యాలయం వాళ్లు న్యూ క్యాజిల్ దగ్గర సముద్రంలో 'ఆక్వాఫోర్ట్' అనే తేలే వేదికను పెట్టారు. మధ్యలో వలల్లో స్టీల్‌హెడ్ ట్రౌట్ చేపలు, చుట్టూ తాళ్లకు ఆల్చిప్పలు, కెల్ప్ అనే సముద్రపు నాచు పెంచుతారు. మేత వేసేది చేపలకే. ఆల్చిప్పలు నీటిని వడగట్టి అందులోని సన్నని రేణువులను తింటాయి. చేపలు విడిచే అమ్మోనియాను నాచు పీల్చుకుంటుంది. చెరువుల మురుగు కొల్లేరును ఏం చేసిందో చూసినవాళ్లకు దీని విలువ వేరే చెప్పక్కర్లేదు.

ఇది భారత్‌కూ కొత్త కాదు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) 2007లోనే విశాఖ తీరంలో పంజరాల్లో పండుగప్పను పెంచి చూసింది. తర్వాత తమిళనాడులోని పాక్ అఖాతంలో కోబియా చేపల పంజరాల చుట్టూ నాచు తెప్పలు కట్టించింది. విడిగా వేసిన తెప్పల కన్నా వాటికే దిగుబడి ఎక్కువ వచ్చింది.

అయితే చిక్కంతా మిగతా విషయాల్లో ఉంది. మొదటిది తుఫాను. 2014లో హుద్‌హుద్ విశాఖను ఎలా ఊపేసిందో మరచిపోలేం. మన తీరంలో చాలా భాగం అడ్డులేని బహిరంగ సముద్రమే. రెండోది మార్కెట్. మలబారులో ఆల్చిప్పలను ఇష్టంగా తింటారు గానీ, ఆంధ్రాలో ఆ అలవాటు తక్కువ. నాచునేమో క్యారజీనన్ తీసే ఫ్యాక్టరీలు కొనాలి. కొనేవాడు లేకపోతే ఆ రెండూ నీళ్లను శుభ్రం చేస్తాయేమో గానీ ఖర్చు రాబట్టవు.

మూడోది అన్నిటికన్నా పెద్దది: సముద్రం ఎవరిది? అమెరికాలోనే ఇది తేలలేదు. గల్ఫ్ జలాల్లో చేపల సాగుకు అనుమతులిచ్చే అధికారం, ఉన్న మత్స్య చట్టం కింద సమాఖ్య సంస్థకు లేదని 2020లో ఐదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు తీర్పునిచ్చింది. ఆ కేసు వేసినవాళ్లలో మత్స్యకారుల సంఘాలూ ఉన్నాయి. మన తీరంలోనూ పంజరాలు దించే చోట ఇప్పటికే ఎవరో ఒకరు వల వేస్తుంటారు. వాళ్లకు వాటా లేకుండా పెద్ద కంపెనీకి లీజు ఇస్తే గొడవ తప్పదు.

ఆక్వాఫోర్ట్ చిన్నది, ఒడ్డుకు దగ్గరగా ఉండేది. మనం నేర్చుకోవాల్సింది ఆ కొలతే. మత్స్యకార సహకార సంఘాల చేతిలో, చిన్న పంజరాలతో, తుఫాను నెలలకు ముందే పట్టుబడి పూర్తయ్యేలా మొదలుపెట్టాలి. రేపు ఎవరైనా మనల్ని ఇలాంటి ప్రాజెక్టులో పెట్టుబడి పెట్టమంటే మూడు ప్రశ్నలు అడుగుదాం. నాచు, ఆల్చిప్పలు కొనేదెవరు? తుఫానులో పంజరాలు పోతే బీమా ఉందా? ఆ ఊరి మత్స్యకారులకు వాటా ఎంత? మూడింటికీ కాగితం మీద జవాబు వచ్చాకే చెక్కు రాద్దాం.