గుడ్డి గుర్రానికి దాణా

మనవాళ్లలో ఈ మధ్య కొత్త వేడుక ఒకటి బయలుదేరింది. హోసూరు, దేవనహళ్లి పక్కల ఎకరమో అరెకరమో అమ్మితే చాలు, ఇంటి ముందుకు మొదట వచ్చేది జర్మనీ కారు. అదీ ఎవరో ఏడెనిమిదేళ్లు తోలి వదిలించుకున్నది. "అరవై లక్షల బండి, పదహారు లక్షలకే కొట్టేశాం" అని మీసం దువ్వుతారు. ఇలాంటివాళ్ల లెక్కలు రాసి బతికేవాణ్ణి నేను. ఆ "కొట్టేశాం" అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

పదహారుకు వచ్చినా అది అరవై లక్షల బండే. ధర తగ్గింది బండికి. దాని గేరుబాక్సుకు, హెడ్‌లైట్లకు, సెన్సర్లకు ఎవడూ తగ్గించలేదు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మన పెద్దలు ఊరికే అన్నారా?

గాలి సస్పెన్షన్ సంగతే చూడండి. ఇనుప స్ప్రింగుల చోట రబ్బరు తిత్తులుంటాయి. ఏళ్లు గడిస్తే రబ్బరు పగిలి గాలి సన్నగా కారుతుంది. ఆ లోటు పూడ్చాలని కంప్రెసరు ఆగకుండా తిరిగి తిరిగి చివరికి అదీ కాలిపోతుంది. పొద్దున లేచి చూస్తే బండి ఒక పక్కకు కుంగి, జబ్బు చేసిన ఎద్దులా ఉంటుంది. తిత్తి మార్చాలి, కంప్రెసరు మార్చాలి. చాలా భాగాలను మార్చాక బండి కంప్యూటరు వాటిని గుర్తుపట్టేలా కోడింగు చెయ్యాలి. ఆ పరికరం మన సందు చివరి మెకానిక్ దగ్గర ఉండదు. టైర్లూ అంతే. చాలావాటిలో స్టెప్నీయే ఉండదు, గాలి పోయినా కొంత దూరం నడిచే రన్‌ఫ్లాట్ టైర్లు వేస్తారు. పక్కగోడ చీలితే పంక్చరు కొట్టు వాడు చేసేదేమీ లేదు, కొత్తది కొనాల్సిందే. మన గుంతల రోడ్ల మీద పక్కగోడ చీలడానికి ఎంతసేపు?

"ఇన్సూరెన్సు ఉంది కదా" అంటారు. పాలసీ చదివారా? ఏడాది దాటిన బండి విలువలో 20 శాతం, నాలుగేళ్లు దాటితే 50 శాతం కోస్తారు. ఐదేళ్ల తర్వాత మీరూ కంపెనీ ఒప్పుకున్నంత. ప్రమాదంలో పోయిన రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు మామూలు పాలసీ ఇచ్చేది సగమే. అరిగి చెడిన దానికి పైసా రాదు. 2022 సెప్టెంబరులో బెంగళూరు యమలూరులో ఖరీదైన కార్లు ఎలా మునిగాయో అందరం చూశాం. నీళ్లలో ఉన్న బండిని స్టార్టు చేసి ఇంజన్ పాడుచేసుకుంటే, దానికి విడిగా కవరు కొని ఉంటే తప్ప, ఆ బిల్లు యజమానిదే.

పన్ను ఎగ్గొట్టడానికి పుదుచ్చేరి నంబరు తగిలించుకునే తెలివి ఇంకొకటి. తమిళనాడులో 20 లక్షలు దాటిన కొత్త కారుకు జీవితకాలపు పన్ను 20 శాతం, కర్ణాటకలో 18 శాతం. బరువే, కాదనను. కానీ వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉంచితే అక్కడ తిరిగి రిజిస్టరు చేయించాలని 1988 మోటారు వాహనాల చట్టం 47వ సెక్షనే చెబుతోంది. యానాంలోని మన బంధువులు ఈ పనికి తమ చిరునామా అరువివ్వకుండా ఉంటే మేలు.

భద్రత కోసమే కొన్నామంటారా? 2023 అక్టోబరు నుంచి భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలున్నాయి. పదహారు లక్షల లోపు కొత్త కార్లే ఐదు నక్షత్రాలు తెచ్చుకున్నాయి.

ఓర్వలేక రాస్తున్నాడనే వాళ్లుంటారు. అననివ్వండి. వాళ్ల డబ్బే, నిజమే. కానీ అది నేల అమ్మిన డబ్బు, మళ్లీ పండదు. పైగా ఈ పిచ్చి పెళ్లి సంబంధాల దాకా పాకింది. అల్లుడికి ఇలాంటి బండే పెట్టాలట! పెట్టిన పాపానికి మొదటి పెద్ద రిపేరు బిల్లు కూడా మామగారి గుమ్మానికే వస్తోంది. ఆ బిల్లులు నా బల్ల మీదికే వస్తాయి కనుక చెబుతున్నాను.

ఇంకా కొనాలనే ఉంటే, అమ్మేవాణ్ణి గడిచిన మూడేళ్ల రిపేరు బిల్లులు అడగండి. ఎక్కడో పోయాయంటాడు. పదహారు లక్షలకు ఎందుకు ఇస్తున్నాడో ఆ బిల్లుల్లోనే ఉంటుంది.