పాత స్తంభం పీకేదెవరు?

తుప్పు పట్టిన, వంగిన స్తంభాలు మార్చాలని 2019 పల్లె ప్రగతిలో, 2020 పట్టణ ప్రగతిలో సర్కారే చెప్పింది. కొత్తది పాతి పాతది వదిలేస్తే పని సగమే. పనికిరాని తీగే కదా అనుకోవద్దు. కరెంటు లైనుకు తగిలితే అదే ప్రాణం తీస్తది.

2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయాక అక్కడ కేబుళ్ల కోత జోరందుకుంది. కరీంనగర్, ఆదిలాబాద్ కూడా శవాలు లేచేదాకా ఆగాలా?

ప్రతి కేబులుకు యజమాని పేరు కట్టాలి. వాడకం ఆగిన తీగ, స్తంభం తీయడానికి గడువు పెట్టాలి. దాటితే మున్సిపాలిటీయే తీసి, ఖర్చు వాళ్ల దగ్గరే వసూలు చేయాలి.

రామగుండం పొగ మింగి దేశానికి వెలుగిచ్చిన గడ్డ ఇది. వేలాడే తీగల కింద భయంభయంగా నడిచేందుకు కాదు 2014లో రాష్ట్రం తెచ్చుకున్నది.