గురువారం రాత్రి గమ్మత్తు

2013 ఫిబ్రవరి 7, గురువారం రాత్రి ఈటీవీలో 'జబర్దస్త్' అనే హాస్య కార్యక్రమం మొదలైంది. ఆ మొదటి రాత్రే మేము చూశామని చెప్పలేను. వేసవి వచ్చేసరికి మాత్రం, బిలాస్‌పూర్ రైల్వే కాలనీలోని మా క్వార్టరులో గురువారానికి ఆ పేరే స్థిరపడింది. కూలర్ హోరులో మాటలు వినబడవని, తొమ్మిదిన్నర కాగానే మా అమ్మాయి దాన్ని ఆపివేసేది. మే నెల ఉక్కలో చెమటలు తుడుచుకొంటూ కూర్చుని నవ్వేవాళ్లం.

బిలాస్‌పూర్‌లో తెలుగువారేమిటని చాలామంది అడుగుతారు. నాగపూర్ నుంచి అసన్‌సోల్‌కు బెంగాల్ నాగపూర్ రైల్వే వారు వేసిన దారి 1891లో పూర్తయింది. రాయపూర్–విజయనగరం దారి 1931లో పూర్తయింది. ఆ పట్టాల వెంట ఉత్తరాంధ్ర పల్లెల నుంచి గ్యాంగ్‌మన్లు, ఫిట్టర్లు, ఫైర్‌మన్లు, గుమాస్తాలు తరతరాలుగా వచ్చి ఖరగ్‌పూర్‌లోను, రాయపూర్‌లోను, ఇక్కడా స్థిరపడ్డారు. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే ఏర్పడ్డప్పుడు ఈ ఊరే దానికి ముఖ్యకేంద్రమైంది. మా నాన్న బొబ్బిలి దగ్గరి పల్లె నుంచి ఇరవయ్యో ఏట వచ్చి లోకోషెడ్డులో ఫిట్టరుగా చేరారు. దాదాపు నలభై ఏళ్లు అర్పా నది నీళ్లు తాగినా ఆయన తెలుగు మాత్రం వేగావతి ఒడ్డునే ఉండిపోయింది. నేను ఇంగ్లీషు సాహిత్యం చదివి, అనువాదాలు చేసుకొంటూ బతుకుతున్నదాన్ని. నాది పుస్తకాల తెలుగు. మా అమ్మాయికి అప్పుడు తొమ్మిదేళ్లు. బడిలో హిందీ, ఇంగ్లీషు. తెలుగు మాట్లాడుతుంది గాని చదవలేదు. ఒకే ఇంట్లో మూడు తెలుగులన్నమాట. నాలుగవది గురువారం రాత్రి టీవీలో నుంచి వచ్చేది.

ఆ తొలి సీజనులో నాగబాబు, రోజా న్యాయనిర్ణేతలు. ధన్‌రాజ్, వేణు, చమ్మక్ చంద్ర, రాకెట్ రాఘవ, చలాకీ చంటి వంటివారు జట్లకు నాయకులు. ఒక్కొక్క జట్టు వచ్చి ఒక్కొక్క 'స్కిట్' ఆడుతుంది. పూర్వం మనం ప్రహసనం అనేదే ఇది. ఆట ముగియగానే మార్కులు. నటులలో ఎక్కువమంది సినిమాలలో చిన్నచిన్న వేషాలు వేసి, పేరు తెర మీద కనబడకుండానే వెళ్లిపోయినవారు. ఒక్కసారి తమకంటూ పది నిమిషాల వేదిక దొరికేసరికి ప్రాణం పెట్టి ఆడారు. వారి ఆత్రం తెరపై స్పష్టంగా కనబడేది. నాగబాబు గారి పెద్ద నవ్వు కూడా ఆటలో ఒక వాద్యమే అనాలి. విదేశీ హాస్య కార్యక్రమాలలో ముందే రికార్డు చేసిన నవ్వులు అతికించడం వాడుక. ఇక్కడ ఒక మనిషి కుర్చీలో కూర్చుని ఆ పని నిజంగా చేసిపెట్టేవాడు.

అనువాదకురాలిగా నాకు అందులో ఇంకొక ఆసక్తి కలిగింది. మా పక్కింటావిడ జాంజ్‌గీర్ వైపు పల్లెలో పుట్టిన ఛత్తీస్‌గఢీ ఇల్లాలు. తెలుగు ఒక్క ముక్క రాదు. నవ్వులు వినబడి వచ్చి కూర్చునేది. "క్యా బోలా, దీదీ?" అని అడిగేది. నేను హిందీలో చెప్పబోయేదాన్ని. చెప్పడం పూర్తయ్యేసరికి హాస్యం చచ్చి ఊరుకొనేది. కొన్ని వారాలకు ఆవిడ అడగడం మానేసి, చూసి నవ్వడం మొదలుపెట్టింది. నేను చెప్పినప్పటికంటె ఎక్కువే నవ్వేది. అప్పటి స్కిట్లలో సందర్భం ఉండేది: అప్పులవాడు వస్తాడు, తలుపు వెనుక దాక్కున్నవాడికి తుమ్ము వస్తుంది. దీనికి భాష అక్కరలేదు. 2014లో శుక్రవారాలకు 'ఎక్స్‌ట్రా జబర్దస్త్' వచ్చింది. కొంతకాలానికి హైపర్ ఆది ప్రాసలతో, వరుస పంచ్‌లతో పేరు తెచ్చుకొన్నాడు. ఆ చాతుర్యాన్ని నేను తక్కువ చేయను, కాని దాన్ని ఏ భాషలోకీ మోసుకుపోలేము. రానురాను స్కిట్లు లోకాన్ని వదిలి తమ వేదిక గురించి, తమలో ఎవరికి ఎవరంటే ఇష్టమన్న సంగతుల గురించి చెప్పుకోసాగాయి. పక్కింటావిడ రావడం తగ్గించింది. ఆమె తీర్పుకు ఏ న్యాయనిర్ణేత మార్కులూ సాటిరావు.

ఆవిడే ఒకరోజు, "ఇది మా నాచా గమ్మతే కదా" అన్నది. నాచా ఛత్తీస్‌గఢ్ పల్లెల రాత్రి నాటకం. తెల్లవార్లూ సాగుతుంది. అందులో 'జోక్కడ్' అనే హాస్యగాడు, ఆడవేషం కట్టిన 'పరీ' ఉంటారు. మధ్యమధ్య వచ్చే హాస్య ప్రహసనాన్ని 'గమ్మత్' అంటారు. మన గమ్మత్తే! ఈ ఒక్క మాటను నేను అనువదించనక్కరలేకపోయింది.

ఆడవేషాల సంగతి కూడా చెప్పాలి. తొలి రోజుల్లో స్కిట్లలో స్త్రీ పాత్రలు ఎక్కువగా మగవారే వేసేవారు. మనకిది కొత్త కాదు. సత్యభామగా స్థానం నరసింహారావు గారిని చూసి ఆంధ్రదేశమంతా మురిసింది. 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణశర్మ గారి భామాకలాపం ఇంకా పెద్దల జ్ఞాపకాలలో ఉంది. వారు చీర కట్టింది స్త్రీని అర్థం చేసుకోవడానికి. స్కిట్లలో చీర చాలాసార్లు తన్నులు తినడానికే కట్టినట్టుండేది. భార్య మీద, నల్లని రంగు మీద, లావు ఒంటి మీద వేసిన ఆ మాటలకు నేను నవ్వలేకపోయాను. మా అమ్మాయి నవ్వితే టీవీ కట్టేసిన రోజులూ ఉన్నాయి.

కాని నేను చెప్పదలచిన నవ్వు అది కాదు.

ఒక గురువారం ఒక స్కిట్‌లో ఉత్తరాంధ్ర యాస మాట్లాడే పాత్ర వచ్చింది. ఆ నటుడు ఇంకా హాస్యమే మొదలుపెట్టలేదు. ఇంట్లోకి వచ్చి, ఎవరున్నారని అడిగాడు, అంతే. మా అమ్మాయి పకపక నవ్వింది. మూల మంచం మీద కూర్చున్న నాన్న ఆమె వైపు చూశారు.

"ఏటే గుంటా, ఎందుకే అలగ నవ్వుతన్నావు? నానూ అలగే కదేటి మాటాడతాను?"

కోపంతో అన్నది కాదు. నిజంగా తెలుసుకోవాలని అడిగారు. పిల్ల తెల్లబోయి నా వైపు చూసింది. నాకూ ఏమి చెప్పాలో తోచలేదు. తప్పు ఆ నటుడిది కాదు. ఆ మాటల తీరు నవ్వదగినదని పిల్లకు ఎవరు నేర్పారు? ఇంటికి ఎవరైనా వస్తే నాన్న మాటలను నేనే సవరించి మళ్లీ చెప్పేదాన్ని. బడిలో మాస్టరుతో ఆయన మాట్లాడబోతే నేను ముందుకు వచ్చి మాట్లాడేదాన్ని. పిల్ల అది చూస్తూనే పెరిగింది.

యాసను చూసి నవ్వడం ఎప్పటినుంచో ఉన్నదే. శూద్రకుని మృచ్ఛకటికంలో శకారుడు సకారం పలకవలసిన చోట శకారం పలుకుతాడు. అయితే అతడు రాజుగారి బావమరిది. ఊరంతా అతడంటే హడలు. అక్కడ యాస మీది నవ్వు అధికారం మీది నవ్వు. కూలివాడు నోరు విప్పగానే వచ్చే నవ్వు వేరు.

అదే మృచ్ఛకటికాన్ని 1958లో 'మిట్టీ కీ గాడీ' పేరుతో ఢిల్లీలో ఆడించిన హబీబ్ తన్వీర్ మా ప్రాంతంవాడే. 1923లో రాయపూర్‌లో పుట్టాడు. లండన్‌లో నాటకవిద్య చదివి వచ్చి, ఛత్తీస్‌గఢ్ నాచా నటులను ఆరుగురిని ఆ నాటకానికి తీసుకువెళ్లాడు. మరుసటి ఏడు 'నయా థియేటర్' స్థాపించాడు. చిత్రమేమంటే, పల్లెలో రాత్రంతా వేలమందిని కదలనీయకుండా కూర్చోబెట్టే ఆ నటులు, ఆయన చెప్పిన చోట నిలబడి, ఆయన ఇచ్చిన హిందీ మాటలు చెప్పేసరికి కొయ్యబారిపోయేవారు. లోపమెక్కడుందో గ్రహించడానికి ఆయనకు చాలా ఏళ్లు పట్టింది. చివరికి, మీ మాటల్లోనే ఆడండని వదిలేశాడు. 1973లో రాయపూర్‌లో నాచా కళాకారులతో జరిపిన శిబిరంలో నుంచి 'గావ్ కా నామ్ ససురాల్, మోర్ నామ్ దమాద్' పుట్టింది. 1975లో 'చరణ్‌దాస్ చోర్' వచ్చింది. 1982లో ఎడిన్‌బరో ఉత్సవంలో ఆ ఛత్తీస్‌గఢీ నాటకానికి బహుమతి దక్కింది. అక్కడి ప్రేక్షకులకు ఛత్తీస్‌గఢీ తెలియదని వేరే చెప్పాలా?

ఆ సంఘటన తరువాతి గురువారం నాన్న టీవీ ముందుకు రారేమోనని భయపడ్డాను. తొమ్మిదిన్నరకు ముందే వచ్చి కూర్చున్నారు. "పగటేసగాళ్లే ఈళ్లు" అన్నారు. తన చిన్నతనంలో ఊరికి వచ్చిన పగటివేషగాళ్ల గురించి పిల్లకు చెప్పసాగారు: రోజుకొక వేషం, కరణం గారి అరుగు ముందరే కరణాన్ని వెక్కిరించడం, సోమయాజులు సోమిదేవమ్మ వేషం, ఆఖరి రోజున వేషం లేకుండా మామూలు మనుషుల్లా ఇంటింటికీ వచ్చి సంభావన పుచ్చుకోవడం. చెబుతూ చెబుతూ లేచి, సోమిదేవమ్మ నడక నడిచి చూపించారు. ఆయన నడక చూసి పిల్ల నవ్వింది, పక్కింటావిడ నవ్వింది, ఆయనా నవ్వారు. టీవీలో ఏ స్కిట్ నడిచిందో నాకు గుర్తులేదు.

ఆనాటి నుంచి ఇంట్లో మూడవ న్యాయనిర్ణేత వెలిశారు. జడ్జీలు పది ఇస్తే నాన్న ఆరు ఇచ్చేవారు. వారు ఎనిమిది ఇస్తే ఆయన ఒక్కొక్కప్పుడు పదీ ఇచ్చేవారు. వేణు జట్టుకు ఎక్కువ పడేవి. సిరిసిల్ల నుంచి వచ్చిన ఆ కుర్రవాడి తెలంగాణ మాట నాన్నకు సగమే అర్థమయ్యేది గాని, "ఆడు సూసిందే ఆడతన్నాడు" అనేవారు.

నాన్న 2019లో పోయారు. ఆ వేణు యెల్దండి దర్శకుడై తీసిన 'బలగం' 2023 మార్చిలో విడుదలైంది. ఒక తాత చావు, పెట్టిన పిండాన్ని కాకి ముట్టకపోవడం, దాని చుట్టూ కుటుంబంలో పాత పంతాలు బయటపడడం, ఇదీ కథ. చాలాకాలం మన సినిమాలు హాస్యగాళ్లకు, ప్రతినాయకులకు కేటాయించిన తెలంగాణ మాటతో అతడు జనాన్ని ఏడిపించాడు. పల్లెల్లో ఊరి నడుమ తెర కట్టుకొని అందరూ కూర్చుని చూశారట. సెలవులకు వచ్చిన మా అమ్మాయి, నేను ఇంట్లోనే చూశాము. సగంలో ఆమె లేచి వెళ్లి అటక మీది పెట్టె దింపింది. అందులో ఒక పాత నోటుపుస్తకం. 2013లో వారం వారం తాతగారు ఇచ్చిన మార్కులు, పక్కనే ఆయన అన్న మాటలు రాసిపెట్టిందట. నాకు తెలియనే తెలియదు. తెలుగు రాయడం రాదు గనుక అంతా దేవనాగరిలోనే ఉంది.

ఈ మధ్య దాన్ని తెలుగు లిపిలోకి ఎత్తి రాస్తున్నాను. నా జన్మలో చేసిన అనువాదాలన్నింటికంటె కష్టంగా ఉంది. దేవనాగరిలో మనకున్నట్టు ఎ-ఏ, ఒ-ఓ తేడాలు లేవు. రెండింటికీ ఒకటే గుర్తు. నచ్చని స్కిట్‌కు నాన్న అనే మాట ఒకటి పేజీ పేజీకీ ఉంది. ఉన్నదున్నట్టు చదివితే 'ఓగ్గేయ్' అని వస్తుంది. ఆయన అలా అనరు. హిందీ ఊళ్లో పెరిగి, ఇప్పుడు ఎక్కడో ఉద్యోగం చేసుకొంటున్న పిల్ల ఎలా చదువుతుందో చూద్దామని, మొన్న ఫోనులో ఆ పేజీ చూపించి పైకి చదవమన్నాను. తలవంచి, అక్షరాల వైపు చూసి చదివింది:

"ధన్‌రాజ్, ఏడు. చంద్ర, ఎనిమిది. ఆఖరోడు... ఒగ్గెయ్."