పల్లెలో స్టారు కడితే మీకెందుకు మంట?

డిసెంబరు వచ్చిందంటే మా పల్లెల్లో కుర్రాళ్ళు వెదురు బద్దలు చీల్చి, రంగు కాగితాలు అతికించి, లోపల బల్బు పెట్టి స్టారు కడతారు. ముసలమ్మలు పెట్టెలో దాచిన ఒకే ఒక్క తెల్లకోక తీసి, నీలిమందు పెట్టి ఆరేస్తారు. ఆ ఏడు మిరపకి తెగులు పట్టనీ, తుపానుకి వరి పనలు నీళ్ళలో నాననీ, ఉపాధి పని డబ్బులు పడకపోనీ, స్టారు మాత్రం లేస్తుంది.

స్టారు లేవంగానే మాటలు కూడా లేస్తాయి. ఊళ్ళో ఆసామి అంటాడు: "తినటానికి లేదు గానీ వీళ్ళకి సోకులు." కండువా కప్పుకున్న ధర్మరక్షకుడు అంటాడు: "పాలపిండికి మతం మారినోళ్ళు." మనతో జెండా పట్టుకునే అభ్యుదయ మిత్రుడు అంటాడు: "కష్టకాలంలో పోరాడాలి గానీ ఈ భక్తి పాటలేంటి మాస్టారూ?" ఇక మన పాస్టరు గారు: "ఈ లోకంలో ఏముంది, అందమంతా పరలోకంలోనే." నలుగురూ నాలుగు వైపుల నించి చెప్పేది ఒకే మాట. కష్టంలో ఉన్న మాల మాదిగలకి అందం అక్కర్లేదంట. నలుగురికీ జవాబు చెబుతున్నాం.

మొదట ఆసామికి. అయ్యా, సోకు అంటే ఏందో మాకు తెలియంది కాదు. మీ కాళ్ళకి కిర్రుచెప్పులు కుట్టింది మా మాదిగ తాత. అదే తాత మీ వీధిలోకి వచ్చేటప్పుడు తన చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాడు. గుడ్డ నేసింది మా మాల తాత. ఆయన ఒంటిమీద గోచీ. మీ పెళ్ళికి డప్పు కొట్టింది మేము. మా పెళ్ళికొడుకు మీ వీధిలో ఊరేగితే కర్రలు లేచినయి. అందం తయారు చేసింది మా చేతులు. అది మా ఒంటిమీద కనపడితే మీ కళ్ళు ఎర్రబడినయి. అందుకని ఆదివారం మా అమ్మ కట్టే తెల్లకోకని సోకు అనబాకండి. వారంలో ఆరు రోజులు మీ చేలో బురదలో వంగిన నడుము ఏడో రోజు నిటారుగా నిలబడి, "నేనూ మనిషినే" అని చెప్పటం అది.

ఇక ధర్మరక్షకుడికి. పాలపిండి అంటున్నావు, చరిత్ర చదివావా? ఒంగోలు సంగతి చెబుతాం, విను. 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర ఒంగోలు చేరాడు. పల్లెలకి సువార్త మోసింది మాత్రం దొర కాదు, తోలు వ్యాపారం చేసుకునే మాదిగ, ఎర్రగుంట్ల పేరయ్య. ఆయన పిలిస్తేనే 1867 జనవరిలో దొర తాళ్ళకొండపాడు వెళ్ళి 28 మందికి బాప్తిస్మం ఇచ్చాడు. అప్పటికి కరువూ లేదు, కరువు పనీ లేదు.

తర్వాత వచ్చింది 1876-78 ధాత కరువు. మద్రాసు రాజధానిలో లక్షల మంది ఆకలితో చచ్చిపోయారు. క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో కొన్ని మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, గంపా పారా మనోళ్ళకిచ్చి పని చూపించాడు. కరువు సాయం నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం వచ్చారనే మాట పడకూడదనే ఆ పని చేశాడు. సాయం ఆగిపోయాక వచ్చారు జనం! 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది ఏట్లో దిగారు. ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని బాప్తిస్మాలు ఇచ్చారు.

ఒక్కసారి ఆలోచించండి. ఊరి బావి గట్టు ఎక్కనియ్యని మనుషులు పట్టపగలు, పదిమందీ చూస్తుండగా, నడి ఏట్లో నిలబడ్డారు. కరువుకి ఎముకలగూళ్ళయిన ఒళ్ళు అవి. మన జిల్లాల చరిత్రలో అంతకన్నా అందమైన రోజు ఏదో చూపించండి! ఇంకో మాట. తిండికోసమే వచ్చారనుకుందాం. ఆకలైనోడు గంజి పోసిన ఇంటికి పోవటం సిగ్గా? గాదెల నిండా ధాన్యం పెట్టుకుని తలుపులు బిగించుకోవటం సిగ్గా?

అభ్యుదయ మిత్రమా, నువ్వు మావాడివే, కాబట్టి గట్టిగానే అడుగుతున్నాం. 1985లో కారంచేడులో తాగేనీళ్ళ చెరువు దగ్గర ఒక మాదిగ స్త్రీ బిందె ఎత్తి ఎదురు తిరిగింది. మర్నాడు, జూలై 17న, గుంపులుగా వచ్చి ఆరుగురు మాదిగల్ని వేటాడి చంపారు. మిగిలినవాళ్ళు చీరాల పోయి ఎక్కడ తలదాచుకున్నారు? చర్చి ఆవరణలో! బాధితుల శిబిరం అక్కడే నడిచింది. ఆ పోరాటంలోంచే దళిత మహాసభ పుట్టింది. ప్రార్థన చేసే జనానికి పోరాటం చేతకాదని నీకెవరు చెప్పారు?

జాషువా సంగతి చూడు. ఆయన క్రైస్తవుడు. 1941లో "గబ్బిలం" రాశాడు. అంటరానివాడికి గుడి తలుపు తెరవని దేశంలో, ఆకలితో ఉన్న పంచముడి మొరని గబ్బిలం చేత శివుడికి కబురంపాడు. ఆ కోపాన్ని పద్యంలోనే ఎందుకు పెట్టాడు? పద్యం మాది, నీకు రాదు పొమ్మన్నారు గనక. వాళ్ళు దాచుకున్న అందాన్నే గుంజుకుని, దాంతోనే వాళ్ళని నిలదీశాడు. అందం పోరాటానికి అడ్డం రాదు మిత్రమా. ఏది పోగొట్టుకున్నామో తెలిస్తేనే గదా దేనికోసం కొట్లాడాలో తెలిసేది!

ఇప్పుడు పాస్టరు గారికి. అయ్యగారూ, మిమ్మల్ని గౌరవిస్తాం, కానీ ఈ మాట వినక తప్పదు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని నరికి చంపారు. ఆ శవాల్ని ఊరి చివర మరుగున పెట్టలేదు, ఊరి నడుమే సమాధులు కట్టారు. రక్తక్షేత్రమని పేరు పెట్టారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. మన సాక్షుల మాట అక్కడ నిలవలేదు.

మీరు ప్రతి ఈస్టరుకీ చెప్పే కథ గుర్తు చేసుకోండి. తెల్లారకముందే సమాధి దగ్గరికి పోయింది ఆడవాళ్ళు. తిరిగొచ్చి చూసింది చెబితే శిష్యులే నమ్మలేదు. నమ్మకపోయినా ఆ ఆడవాళ్ళు మాట మార్చలేదు. మన విశ్వాసం నిలబడింది, కోర్టు మెట్టు ఎక్కనియ్యని అలాంటి సాక్ష్యం మీద. అటువంటిది, దెబ్బలు తిన్న ఇంటికి వచ్చి "క్షమించండమ్మా, కేసు వాపసు తీసుకోండి" అని ఆసామి తరఫున రాజీ మాట్లాడే పాస్టర్లు మన మధ్య లేరా? పాట మాకిచ్చి, నోరు వాళ్ళకి తాకట్టు పెడితే అది సువార్త అవుతుందా? మాల చర్చి వేరు, మాదిగ చర్చి వేరు. కొన్ని చోట్ల సమాధుల దొడ్లో కూడా గోడ. అగ్రకులం నించి వచ్చిన క్రైస్తవుడు పెళ్ళి సంబంధానికి కులం అడుగుతాడు. పరలోకంలో అందం సంగతి తర్వాత, ముందు ఈ గోడ పడగొట్టండి.

బడిపంతుళ్ళం గనక మేము కళ్ళారా చూసేది ఒకటి చెబుతాం. జూన్‌లో పిల్లల్ని చేర్చటానికి తండ్రులు వస్తారు. రిజిస్టరులో మతం గడి దగ్గరికి రాంగానే గొంతు తగ్గిస్తారు. "హిందూ అని రాయండి మాస్టారూ" అని. ఇంట్లో బైబిలు పేరు, బడిలో ఇంకో పేరు. ఆరేళ్ళ పిల్లోడికి మొదటి రోజే మేము నేర్పే పాఠం తన ప్రార్థన దాచుకోవటం! ఈ పాపం ఎవరిది?

1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుది. హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్తుడు కాడని అందులో రాశారు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవ దళితుల్ని, ముస్లిం దళితుల్ని బయటే ఉంచారు. మన రాష్ట్రంలో మతం రాయించుకుంటే బీసీ-సీ. మతం షరతు తీసెయ్యమని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ చెప్పింది. 2023లో మన శాసనసభ తీర్మానం చేసింది. 2025లో మన హైకోర్టు, క్రైస్తవం తీసుకున్నవాడికి ఎస్సీ హోదా ఉండదు, అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ కూడా ఉండదని తీర్పు చెప్పింది. మేము అడిగేది ఒకటే. కొట్టేవాడు కొట్టేముందు మతం అడుగుతున్నాడా? బాప్తిస్మం నీళ్ళకి పల్లె ఊళ్ళో కలిసిపోయిందా? కులం పోనప్పుడు రక్షణ ఎట్లా పోతుంది?

అన్నలారా, అక్కలారా! అంబేద్కర్ 1956లో నాగపూర్‌లో బుద్ధుడి దారి పట్టాడు. మన తాతలు గుండ్లకమ్మలో దిగారు. దారులు రెండైనా వెతుక్కున్నది మనిషి గౌరవమే. ఆ గౌరవం కళ్ళకి కనపడే రూపమే మన అందం. ఈ క్రిస్మస్‌కి నాలుగు పనులు చేద్దాం. మాల పల్లె, మాదిగ పల్లె ఒకే పందిరి కింద కూచుని అన్నం తిందాం. పాటలయ్యాక కారంచేడు, చుండూరు అమరుల పేర్లు గట్టిగా చదువుదాం. రాజీ మాట్లాడటానికి వచ్చినవాణ్ణి, పాస్టరైనా సరే, పదిమందిలో నిలబెట్టి అడుగుదాం. 1950 ఉత్తర్వులో మతం షరతు తీసెయ్యాలని ప్రతి సంఘం నించి సంతకాలు చేసి పంపుదాం.

స్టారు కట్టండి. ఇంకా ఎత్తుగా కట్టండి. తెల్లకోక కట్టుకుని రండి. ఆ స్టారు వెలుగులోనే కేసు కాగితాలు విప్పి చదవండి.

జై భీమ్!