తమవారి పేర దానము

మన రైతు కుటుంబములలో తలిదండ్రుల ఆబ్దికమునాడు ఎంతోకొంత దానము చేయుట పరిపాటి. తమ యింటి కష్టమునుబట్టి దానమునకు పాత్రమును ఎంచుకొనుట స్వార్థమని కొందరు పెద్దలు ఆక్షేపించుచున్నారు. మేమట్లు తలంపము. చూపు పోయిన తల్లిని చేయిపట్టి నడిపించినవానికి కంటి వైద్యశాల యవసరము ఒకరు చెప్పనక్కరలేదు. నందమూరి తారకరామారావుగారి భార్య బసవతారకముగారు క్యాన్సరు వ్యాధిచే మరణింపగా, ఆమె స్మృత్యర్థము హైదరాబాదులో వెలసిన ఆసుపత్రి 2000 సంవత్సరము మొదలు రోగులకు చికిత్స చేయుచున్నది. ఒక యింటి దుఃఖము ఎన్ని యిండ్లకు ఉపకరించినదో చూడుడు.

అయితే ఇంటి దుఃఖమొక్కటే దారి చూపినచో, ఇచ్చుకొనలేని యిండ్ల రోగములకు దిక్కెవరు? శ్రీకాకుళము జిల్లా ఉద్దానమున మూత్రపిండముల వ్యాధితో మంచము పట్టిన కూలివాని కుటుంబమునకు దానము చేయుటకు మిగులు సొమ్మెక్కడిది? కావున పదింట ఎనిమిది పాళ్లు మీవారి పేర నిండు. తక్కిన రెండు పాళ్లు మీ యింట నెన్నడును అడుగిడని వ్యాధికి కేటాయింపుడు.

రసీదు మాత్రము మరువవలదు. పాలకేంద్రమున పోసిన లీటరు పాలకు చీటీ యడుగు మనము, ఆసుపత్రి పేరు చెప్పి గుమ్మము ముందు నిలిచినవానిని అడుగుటకు మొగమోటపడనేల? సొమ్మును నేరుగా సంస్థ బ్యాంకు ఖాతాకే పంపుట మేలు.