దోసె చల్లారితే చల్లారనివ్వండి

పోయిన నెల మా ఊళ్ళో ఒక ఇండియన్ రెస్టారెంటులో కూర్చుని బొమ్మ గీసుకుంటున్నాను. మా ఊరంటే క్లాండాల్కిన్, డబ్లిన్‌కి పడమటి వైపు. గుడిలో పరిచయమైన ఒక పెద్దాయన పక్క టేబుల్ దగ్గర నుంచి లేచి వచ్చి నా పుస్తకంలోకి తొంగి చూశారు.

"ఏంటమ్మా, ఈ వయసులో బొమ్మలా? తెలుగు నేర్చుకుంటున్నానని చెప్పావు కదా?"

"నేర్చుకుంటున్నానండీ. ఇదే."

ఆయన నవ్వేశారు. "ముందు గుణింతాలు రానీ. ఇదంతా పిల్లల ఆట."

అప్పుడు నేను జవాబు చెప్పలేదు. నోట్లో గారె ఉంది. ఇప్పుడు చెబుతాను.

ఆయన మంచివారే, కానీ ఆయన మాట తప్పు. మనలాంటి వాళ్ళ సంగతి వేరు. ఇంట్లో తెలుగు విన్నాం, బడిలో ఇంగ్లీషు చదివాం. తెలుగు మన చెవికి తెలుసు, కంటికి తెలియదు, చేతికి అసలే తెలియదు. ఇలాంటివాళ్ళు అక్షరం నేర్చుకోవడానికి అన్నిటికంటే మంచి చోటు భోజనాల బల్ల. కావలసినవి ఒక పెన్సిలు, ఒక చిన్న పుస్తకం. అడ్డమొచ్చేది ఫోను.

గుణింతాలు వద్దని నేననను. నేనూ అ, ఆ, ఇ, ఈ దగ్గరే మొదలుపెట్టాను. కానీ ఙ దగ్గర మూడుసార్లు ఆగిపోయాను. ఆ అక్షరంతో మొదలయ్యే మాట మా ఇంట్లో ఎవరి నోటా వినలేదు. ఋషిని కూడా నేనెప్పుడూ చూడలేదు. అరవై ఏళ్ళ మనిషిని ఋషి బొమ్మకి రంగులు వెయ్యమంటే ఎన్నాళ్ళు వేస్తుంది?

అదే భోజనాల బల్ల దగ్గర చూడండి. కూర, పప్పు, చారు, ముద్ద, కంచం మనకి తెలుసు. కలుపుకోవడం, నంజుకోవడం, మారు వడ్డించడం తెలుసు. తింటూ తింటూ పొలమారితే అమ్మ తల మీద తట్టి "ఎవరో తలుచుకుంటున్నారు" అనేది. ఆ మాట మనకి ఎవరూ అనువాదం చేసి చెప్పలేదు. ఇలాంటివి వందకి పైగా మాటలు మన దగ్గర ఇప్పటికే ఉన్నాయి. వాటికి అక్షరాలు తొడగడమే మిగిలింది.

రెస్టారెంటు మెనూ ఈ పని చేసిపెడుతుంది అనుకుంటాం. చెయ్యదు. ఇక్కడ మెనూలో తెలుగు వంటలు కూడా ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి. ఆ అక్షరాల్లో త, ట ఒకటే. ద, డ ఒకటే. అట్టు, అటు ఒకలాగే కనిపించవచ్చు. వి, ఏ, డి, ఏ అని రాస్తే అది వడా, వాడా, వాదా? మనకి రుచి తెలుసు కాబట్టి వడ అని చదివేస్తాం. అంటే చదవలేదు, ఊహించాం. ఇన్నేళ్ళూ నేను చేసింది అదే. దోసె అనే మాట కాగితం మీద పెట్టాల్సి వచ్చినప్పుడు మొదటిసారి ఆగిపోయాను. దోస అని రాస్తే అది పచ్చడిలో వేసే కాయ. తినే అట్టుని దోసె అని రాసేవాళ్ళున్నారు, దోశ అని రాసేవాళ్ళున్నారు. ఆ రోజు ఇంటికి వెళ్ళాక నిఘంటువు తీశాను. మెనూ చూసి ఎప్పుడూ తీయలేదు.

ఇక ఫోను సంగతి. ప్లేటు రాగానే ఫోటో తీస్తారు. ఒక్క క్షణం పని. ఆ క్షణంలో మీకు ఏ మాటా అవసరం రాదు. మా అమ్మాయి ఫోనులో తిండి ఫోటోలు ఎన్ని ఉన్నాయో లెక్కలేదు. వాటిలో ఒక్కదానికీ పేరు లేదు.

బొమ్మ గీయాలంటే చూడాలి. పచ్చడి గిన్నె ఎక్కడుంది? పళ్ళెం లోపలా, అంచు మీదా, బయటా? గారె మధ్యలో చిల్లు ఎంత ఉంది? దోసె మడత ఏ వైపు ఉంది? ఇలా చూస్తూ గీస్తుంటే లోపల, బయట, అంచు, మధ్య, మడత అనే మాటలు వాటంతటవే వస్తాయి. గరిటె గీసినప్పుడు దాని పేరు కావాలి. మేం చిన్నప్పుడు అన్నిటినీ స్పూన్ అనేశాం. ఇప్పుడు నా పుస్తకంలో గరిటె వేరు, చెంచా వేరు, తెడ్డు వేరు, చిల్లుల గరిటె వేరు.

ఒకసారి వేపుడు గీసి కింద "వెపుడు" అని రాశాను. నీళ్ళు పోయడానికి వచ్చిన అబ్బాయి చూశాడు. ఇక్కడ చదువుకుంటూ సాయంత్రాలు పనిచేసే తెలుగు పిల్లవాడు.

"ఆంటీ, ఏమనుకోకండి. వ కి ఏత్వం రావాలి. మీరు ఎత్వం ఇచ్చారు."

పెన్సిలు తీసుకుని నా పక్కనే వంగి "వేపుడు" అని రాశాడు. రాసి ఒక్క నిమిషం అలాగే చూస్తూ ఉండిపోయాడు. "చేత్తో తెలుగు రాసి రెండేళ్ళయిందాంటీ. అమ్మకి మెసేజ్ కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే పెడతాను" అన్నాడు.

తెలుగు మీడియంలో చదివిన పిల్లవాడు! రెండేళ్ళలో చెయ్యి మర్చిపోవడం మొదలుపెట్టింది. అందుకే ఇది పిల్లల ఆట అంటే నేను ఒప్పుకోను. చేతిలో నుంచి జారిపోయేది ఏమిటో ఆ అబ్బాయి ముఖంలో చూశాను.

ఇది ఒక్క తెలుగు సమస్యే అనుకోవద్దు. రెస్టారెంటు నుంచి ఇంటికి నడిచి వెళ్తుంటే మా ఊరి రౌండ్ టవర్ కనిపిస్తుంది, వెయ్యేళ్ళు దాటిన రాతి గోపురం. దారిలో బోర్డుల మీద ఊరి పేరు రెండు భాషల్లో ఉంటుంది. పైన ఐరిష్, కింద ఇంగ్లీషు. ఈ దేశంలో ఐరిష్ భాషని ప్రైమరీ నుంచి సెకండరీ దాకా స్కూళ్ళలో నేర్పుతారు. 2022 జనాభా లెక్కల్లో ఐరిష్ మాట్లాడగలం అని చెప్పినవాళ్ళు 18 లక్షల 70 వేలకి పైనే. బడి బయట రోజూ మాట్లాడతాం అన్నవాళ్ళు మాత్రం 72 వేలమంది కూడా లేరు.

ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. అన్నేళ్ళు పాఠాలు చెప్పినా భాష బడి గేటు దాటి ఎక్కువ దూరం రాలేదు. అది తెలిసినవాళ్ళు మా ఊళ్ళో ఉన్నారు. ఆరస్ క్రోనాన్ అనే ఐరిష్ సాంస్కృతిక కేంద్రం ఇక్కడ ఉంది. అక్కడ క్లాసులూ ఉన్నాయి, పాటా ఉంది, కూర్చుని కబుర్లు చెప్పుకునే చోటూ ఉంది. 2018లో అధికారికంగా గుర్తించిన మొదటి ఐదు ఐరిష్ భాషా నెట్‌వర్కుల్లో క్లాండాల్కిన్ ఒకటి. నాకు అర్థమైంది ఇంతే: పాఠం ఒక్కటే చాలదు, భాషకి కూర్చునే కుర్చీ కూడా కావాలి. ఇన్ని దశాబ్దాలుగా బడిలో ఉన్న ఐరిష్‌కే అది కావలసి వస్తే, ఇక్కడ మామూలు బడిలో లేని తెలుగు సంగతి చెప్పాలా?

ఎదురుగా ఉన్నది ఉన్నచోటే కూర్చుని గీయడం నేను కనిపెట్టింది కాదు. 2007లో అమెరికాలోని సియాటిల్‌లో గేబ్రియల్ కాంపనారియో అనే పాత్రికేయుడు అర్బన్ స్కెచర్స్ అనే బృందాన్ని మొదలుపెట్టారు. ఇప్పుడు చాలా దేశాల్లో ఆ బృందాలున్నాయి. వాళ్ళ పద్ధతి సులువు. అక్కడే కూర్చుని గీయాలి, కళ్ళతో చూసిందే గీయాలి. నేను దానికి ఒక్కటే కలిపాను: గీసినదాని పేరు కింద తెలుగులో రాయాలి.

బొమ్మ వేరు, అక్షరం వేరు అనుకునేవాళ్ళు బాపుగారి (1933–2014) పని చూడండి. ఆయన గీత ఎంత అందమో రాత అంత అందం. ఆ చేతిరాత కంప్యూటర్ ఫాంటుగా కూడా వచ్చింది. మనం బాపుగారం కానక్కర్లేదు. కానీ తెలుగు అక్షరాలన్నీ గుండ్రాలే కదా. సున్న అంటే ఇడ్లీ. మధ్యలో చుక్క ఉన్న ఠ అంటే చిల్లు గారె. గారె గీయగలిగిన చెయ్యి ఠ రాయగలదు.

చూసిందే గీసినట్టు, ఇంట్లో విన్నదే రాయండి. మా ఇంట్లో గోంగూర అంటాం. తెలంగాణలో చాలా ఇళ్ళలో పుంటికూర అంటారు. మేం వేరుశనగ గుళ్ళు అంటే వాళ్ళు పల్లీలు అంటారు. మీ అమ్మ ఏది అంటే అది రాయండి. అది తప్పని ఎవరైనా అంటే వాళ్ళ మాట కూడా అడిగి పక్కన రాసుకోండి. రెండు మాటలు వచ్చినట్టు.

ఆ పెద్దాయన తర్వాత గుడిలో మళ్ళీ కనిపించి ఇంకో మాట అన్నారు. "అన్నం ముందు కూర్చుని ఆటలాడకూడదమ్మా. వేడివేడిగా తినాలి." ఈ మాటకి నేను తల వంచుతాను. అన్నానికి మర్యాద ఇవ్వాల్సిందే. కానీ ఆర్డరు ఇచ్చాక ప్లేటు వచ్చేదాకా ఊరికే కూర్చుంటాం కదా, అప్పుడు నీళ్ళ జగ్గు గీయండి, అది చల్లారదు. దోసె గీయాలనిపిస్తే నాలుగు గీతల్లో ముగించండి. అప్పటికీ కొంచెం చల్లారితే చల్లారనివ్వండి. అదే పెద్దాయన మనవడు టేబుల్ కింద ఫోను పెట్టుకుని చూస్తూ తింటే దోసె చల్లారడం లేదా? దాన్ని ఎవరూ ఆట అనడం లేదు. ఆ పిల్లాడికి ఫోను బదులు పెన్సిలు ఇచ్చి చూడమనండి. గుడిలో నేను పులిహోర వడ్డిస్తుంటే "ఎల్లో రైస్ కావాలి" అనే పిల్లలున్నారు. వాళ్ళకి దాని రుచి తెలుసు, రంగు తెలుసు, పేరు ఒక్కటే తెలియదు.

మర్యాదలు ఇంకా ఉన్నాయి. పక్కవాళ్ళ ముఖాలు గీయకండి, మీతో వచ్చినవాళ్ళ చేతులు గీయండి. శనివారం సాయంత్రం జనం నిలబడి ఉంటే పుస్తకం మూసేసి లేవండి. రంగులు, నీళ్ళు బల్లంతా పరచకండి.

అన్నిటికంటే మంచి బొమ్మ తిన్నాక దొరుకుతుంది. ఖాళీ పళ్ళెం గీయండి. ములక్కాడ పిప్పి, అంచున తీసిపెట్టిన కరివేపాకు, మిగిలిన చారు మరక. దాని కింద నేను రాసిన మాట "ఎంగిలి". దీనికి ఇంగ్లీషులో ఒక్క మాట వెతికాను, దొరకలేదు. ఎవరినైనా వాడుకుని వదిలేస్తే కూరలో కరివేపాకులా తీసేశారు అంటాం కదా. ఆ పళ్ళెం గీస్తుంటే నా తెలుగుని నేనూ అలాగే తీసి అంచున పెట్టానని అనిపించింది.

ఎందుకంత మాట అన్నానో చెబుతాను. మా అమ్మకి తెలుగు ఒక్కటే వచ్చు. పెళ్ళయ్యాక నాకు ఎన్నో ఉత్తరాలు రాసింది. బడిలో నా రెండో భాష హిందీ, నాకు తెలుగు చదవడం రాదు. మావారు చదివి వినిపించేవారు. అమ్మ నాకొక్కదానికే రాసుకున్న మాటలు కూడా ఇంకొకరి గొంతులో విన్నాను. ఇంకెవరైనా చదువుతారని తెలిసి అమ్మ ఎన్ని మాటలు రాయకుండా ఆపేసిందో కూడా తెలియదు. అమ్మ పోయింది. ఉత్తరాలు బిస్కెట్ డబ్బాలో ఉన్నాయి.

పోయిన చలికాలంలో ఆ డబ్బా తీశాను. ఒక ఉత్తరంలో ఒక్క వాక్యం నా అంతట నేను చదివాను. "మాగాయ పెట్టాను, చిన్న జాడీ పంపిస్తున్నాను." మాగాయ, జాడీ రెండూ నా పుస్తకంలో ఉన్నాయి. రెస్టారెంటు బల్ల మీద ఊరగాయ జాడీ చూసి గీసి, కింద రాసుకున్నవి. అందుకే కళ్ళు వాటిని పట్టుకున్నాయి.

తిండి మాటలతో తెలుగు పూర్తవదు, నాకు తెలుసు. ఆ డబ్బాలో ఉత్తరాలన్నీ మాగాయ గురించే ఉండవు. గుణింతాలు, ఒత్తులు, అన్నీ కావాలి, నేర్చుకుంటున్నాను. కానీ నాకు తలుపు తెరిచింది ఋషి కాదు, జాడీ.

ఈ వారం మీరు బయట తినడానికి వెళ్తే ఫోను సంచిలోనే ఉంచండి. ఎదురుగా ఉన్న గ్లాసు గీయండి. వంకరగా వస్తుంది, రానివ్వండి. దాని కింద "నీళ్ళు" అని రాయండి. ళ కింద ళ వత్తు మర్చిపోకండి. నేను నాలుగుసార్లు మర్చిపోయాను.