మచ్చు నూరెడి రోలును గూర్చి

నడిగడ్డ గ్రామములలో విత్తనపు ప్రత్తి వేయు సభ్యులు మా యొద్దకు వచ్చినపుడు చెప్పు మాట తఱచుగా ఒక్కటే: "అయ్యా, మా విత్తనము ఫెయిలైనదన్నారు." ఎచ్చట చూచిరి, ఎన్ని గింజలు చూచిరి, ఏ విధముగా చూచిరి అని మేమడిగినచో వారికి తెలియదు. ఆ కబురు తెచ్చిన ఆర్గనైజరునకును తెలియదు. చీటీమీద నూటికి ఇంత అని ఒక అంకె మాత్రముండును. కృష్ణా తుంగభద్రల నడుమ, సాయంకాలము మొగ్గ మొగ్గకు మగకేసరములు గిల్లి, మఱునాటి ఉదయము పుప్పొడి అద్ది, కూలీలకు ముందుగనే రొక్కమిచ్చి పండించిన పంటకు ఆ అంకెయే తీర్పు. తీర్పు చెప్పువారిని గూర్చి సంఘములలో చాల మాటలు నడచినవి. తీర్పు మొదలగు చోటును గూర్చి ఎవ్వరును మాటలాడుట మేము వినలేదు. ఆ చోటు రోలు. గింజను గాని ఆకును గాని నూరెడి రోలు.

పరీక్షశాల యనగానే మనవారు గాజు సీసాలను, విద్యుద్దీపములను తలంతురు. అచ్చటి పని మొదలగునది మన వంటయింటి పని వలెనే. చెట్టు శరీరమంతయు సన్నని గదుల కూర్పు. ప్రతి గదికిని గోడ గలదు. ఆ గోడ పగులనిదే లోపలి మాంసకృత్తు గాని డీఎన్‌ఏ గాని వెలుపలికి రాదు. కావున నూరవలెను. కొందఱు పింగాణి కల్వములో మచ్చు వేసి, సున్నకు దిగువ 196 డిగ్రీల చల్లదనము గల ద్రవ నత్రజనిని పోసి, అది పెళుసెక్కిన పిదప పొత్రముతో పొడి చేయుదురు. కొందఱు చిన్న గొట్టములలో ఉక్కు గుండ్లతో సహా మచ్చునుంచి యంత్రముచే విదిలింతురు. ఒక్క పలకలో 96 మచ్చులు ఒకేమారు నలుగును. మెత్తని కండ, కాలేయము వంటివానికి గాజు గొట్టములో ఇమిడి తిరుగు పొత్రమొకటి గలదు. అమెరికాలో పాటరు, ఎల్వెహెమ్ అనువారు దానిని 1936లో ప్రకటించిరి. మన తెలుగువారైన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఫిస్కెతో గూడి 1920 ప్రాంతపు సంవత్సరములలో కండలోని భాస్వర పదార్థములను బయటపెట్టినదియు ఇట్టి పనిచేతనే. కండను వెంటనే చల్లార్చి నూరనిచో ఆ పదార్థములు క్షణములలో విఱిగిపోవును. నూరుట కూలిపని యని తలంచువారు ఈ సంగతి గమనింతురు గాక.

ఇక ప్రత్తి. దీనిని నూరుట కష్టము. ప్రత్తి గింజలో గాసిపాలు మొదలగు పదార్థములున్నవి. కోసిన వంకాయ నల్లబడినట్లు నూరిన ముద్ద గోధుమ వన్నె తిరిగి డీఎన్‌ఏను పట్టుకొని వదలదు. దానిని కట్టివేయు మందు కలుపక, తగినంత చల్లదనము లేక నూరినచో ఫలితము రాదు, లేదా అస్పష్టముగా వచ్చును. అస్పష్టముగా వచ్చిన గింజను చెడ్డగింజల లెక్కలో వేసితిరా, మఱల పరీక్షించితిరా అని అడుగు హక్కు రైతునకు లేదా?

అంతకన్న ముఖ్యమైన దొకటి గలదు. గింజ పైపొట్టు తల్లి శరీరములోనిది. లోపలి పప్పు మాత్రమే తల్లిదండ్రుల కలయికచే పుట్టిన బిడ్డ. పొట్టుతో సహా నూరినచో తల్లి గుర్తు హెచ్చుగా కనబడును. మంచి సంకర గింజయు తల్లి గింజ వలె తోపవచ్చును. పొట్టు తీసి నూరుటయో, మొలిపించి లేత ఆకును నూరుటయో ఉత్తమము.

2002 మార్చిలో మన దేశమున బీటీ ప్రత్తికి అనుమతి వచ్చిన పిదప పట్టీ పరీక్ష వాడుకలోనికి వచ్చినది. నాగపూరులోని కేంద్రీయ ప్రత్తి పరిశోధన సంస్థవారును ఇట్టి పరీక్షలను రూపొందించిరి. ఆకు ముక్కను చిన్న గొట్టములో నలిపి, ద్రావణము పోసి, పట్టీ ముంచినచో గీత పడును. చేలగట్టుననే చేయవచ్చును. కాని యీ గీత బీటీ యున్నదా లేదా యని మాత్రమే చెప్పును. తల్లి మొక్కయే బీటీదైనచో, క్రాసింగు తప్పి తనంత తాను కట్టిన గింజయు గీతను చూపును. కావున పట్టీ బాగున్నదని విత్తనము సంకరమైనట్లు కాదు. ఈ భేదము తెలియక మన సభ్యులు కొందఱు పట్టీ చూపి వాదమునకు దిగుచున్నారు. ఆ వాదము నిలువదు.

గింజల సంఖ్య మఱియొకటి. శుద్ధి శాతము కావలెనన్న ప్రతి గింజను వేఱుగా నూరవలెను. పది కలిపి నూరిన ఒక్క జవాబే వచ్చును. ధ్రువీకరణ నియమములలో సంకర ప్రత్తికి కనీస జన్యుశుద్ధి నూటికి 90. ఒక రైతు విత్తనము నిజముగా నూటికి 93 శుద్ధి గలదనుకొందము. దానినుండి ఇరువది గింజలే తీసి చూచినచో, వానిలో మూడుగాని అంతకు మించి గాని చెడ్డవి తగులుట ఆఱింట ఒకమారు సంభవము. అప్పుడు చీటీమీద 85 పడును, మంచి విత్తనము ఫెయిలగును. రెండువందల గింజలు చూచినచో ఇట్టి అన్యాయము మిగుల అరుదు. తక్కువ గింజలతో తీర్పు చెప్పుట త్రాసులో రాయి తప్పుగా వేయుట వంటిది. పొలములో పెంచి చూచు జీవోటీ పరీక్షకును ఈ లెక్కయే వర్తించును. దానికి నెలలు పట్టును గాని రోలుతో పనిలేదు.

వనపర్తి, నాగరకర్నూలు వైపు సభ్యులకు ప్రత్తి విత్తనముకన్న యాసంగి వేరుశనగ ముఖ్యము. అక్కడ రోలు చేయు పని మఱింత గొప్పది. పల్లికాయలో ఆస్పర్జిల్లసు అను బూజు పట్టినచో అఫ్లటాక్సిను అను విషము పుట్టును. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిన పిదప, వానికి పెట్టిన వేరుశనగ పిండిలో దీనిని కనుగొనిరి. నేరుగా తిను పల్లీలలో ఐరోపావారు అనుమతించునది కిలోకు 4 మైక్రోగ్రాములు, అనగా నూఱుకోట్ల పాళ్లలో నాలుగు పాళ్లు. పంట చివర నీరు చాలకున్నను, కాయకు దెబ్బ తగిలినను, తేమతో బస్తాకెత్తినను బూజు హెచ్చును.

ఈ విషము బస్తాలో సమానముగా వ్యాపింపదు. వేలకొలది గింజలలో ఒకటి రెంటిలో కుప్పగా నుండును. వేయింట ఒక పాలు విషము గల ఒంటి గింజలు కూడ దొరకినట్లు పరిశోధకులు చూపిరి. లెక్క చూడుడు. అరగ్రాము తూకము గల అట్టి గింజలో విషము 500 మైక్రోగ్రాములు. ఇరువది కిలోల పల్లీలలో, అనగా సుమారు నలువది వేల గింజలలో, అదొక్కటే చెడ్డదైనను కిలోకు 25 మైక్రోగ్రాములు వచ్చును, సరుకంతయు త్రోసివేయబడును. ఆ ఇరువది కిలోలలో పిడికెడు తీసి నూరినచో ఆ గింజ దాదాపుగా చిక్కనే చిక్కదు, చిక్కినచో అంకె మిన్నంటును. ఐరోపా నియమములలో పెద్ద సరుకునకు నూఱుచోట్ల నుండి తీసి ఇరువది కిలోల మచ్చు కట్టుట ఇందుకే. మచ్చునంతను నూరి, కలిపి, పిదప చిటికెడు తీయవలెను. చిటికెడు తీసి నూరుట పనికిరాదు. బస్తా పైభాగమున చేయిపెట్టి గుప్పెడు తీయు అలవాటు మన యార్డులలో పోవలెనని మేము గట్టిగా చెప్పుచున్నాము.

పల్లి నూనె గింజ యగుట చేత మఱియొక చిక్కున్నది. మన ఆడువారికి తెలియని సంగతి కాదు: మిక్సీలో ఎక్కువసేపు త్రిప్పినచో పొడి గాక ముద్దయగును. ముద్ద అంచులకంటుకొని సమానముగా కలియదు. ఆగి ఆగి త్రిప్పవలెను, లేదా నీరు చేర్చి జావ వలె రుబ్బవలెను. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ వారు తక్కువ ఖర్చుతో చేయదగిన ఎలీసా పరీక్షను ఈ విషమునకు రూపొందించిరి. ఆ పరీక్ష ఎంత మంచిదైనను, ముందు నూరిన చేయి చెడ్డదైనచో దానివలన ప్రయోజనము లేదు.

ఇంత చెప్పినందున సంఘములు లక్షలు పోసి గుండ్ల యంత్రములు కొనవలెనని మా యభిప్రాయము కాదు. ద్రవ నత్రజని తెచ్చువారెవరు, చెడినపుడు బాగుచేయువారెవరు? పాలెము పరిశోధన స్థానము వంటి చోట్ల చదువుకొన్నవారున్నారు; సూక్ష్మమైన పని వారికి వదలుట మేలు. సంఘమునకు వలసినది పల్లీలకు గట్టి మర యొకటి, జల్లెడ, కుంచెలు, బస్తా అడుగువరకు దిగు బొంగు. ఒక మచ్చు ముగిసిన పిదప మరను విప్పి తుడువవలెను. క్రిందటి వాని విషము తరువాతి వాని తలకు చుట్టుకొనరాదు. నూరు మనిషి ముక్కునకు గుడ్డ కట్టుకొనవలెను, ఆ ధూళి మంచిది కాదు.

కొందఱు పెద్దలు "కంపెనీవారితో పేచీ యెందుకు, వచ్చే యేడు ఫౌండేషను విత్తనమియ్యరు" అని భయపడుచున్నారు. ఆ భయము ఒక్కొక్క రైతునకు తగినదే. సంఘమునకు తగదు. 1966 నాటి విత్తనముల చట్టము 15వ సెక్షనులో తనిఖీదారు మచ్చు తీసినపుడు మూడు భాగములు చేసి, ఒకటి ఎవరియొద్ద తీసెనో వారికే ఇచ్చి, ఒకటి పరీక్షకు పంపి, ఒకటి దాచవలెనని గలదు. అది తనిఖీదారునకు చెప్పినది, కంపెనీకిని పండించు రైతునకును నడుమ ఒప్పందమునకు కాదు. అయినను అమ్మువానికి చట్టమిచ్చిన న్యాయము పండించువానికి ఏల రాదు? మూడు మచ్చులు, మూటికిని ఇరువురి ముద్రలు, ఎన్ని గింజలు వేఱువేఱుగా నూరిరో చీటీమీద అంకె: ఈ మూడును ఒప్పందములో వ్రాయింపవలెనని రాబోవు సర్వసభ్య సమావేశములో తీర్మానము పెట్టుడు. నిజాయితీ గల కంపెనీకి ఇందు నష్టము లేదు, వారి వివాదములును తగ్గును.

విత్తు సీజను ముగియులోపల ప్రతి సభ్యుడును తన మచ్చును గుడ్డసంచిలో కట్టి, పేరు, చేను, తేదీ వ్రాసి, సంఘపు బీరువాలో నుంచవలెను. ప్లాస్టికు సంచి వలదు. తేమ లోపల నిలిచి బూజు పట్టును.